రాక్షసకన్యలు, నామశ్లేష

జపాను బొమ్మల కథలలోని రాక్షసకన్యలు నేడు మన విద్యార్థుల నోటుపుస్తకాల అంచులకూ ఎక్కుతున్నారు. ఉపాధ్యాయులు విసుక్కోవడం సులభం. ఆ బొమ్మల వెనుకనున్న భాషావిలాసం మాత్రం విస్మరించరానిది.

2012లో ఒకయాదో ప్రారంభించిన ‘మాన్‌స్టర్ ముసుమే’లో సర్పకన్య పేరు మియా, గ్రీకుల ‘లామియా’ శబ్దానికి అది తోక. పక్షికన్య ‘పాపి’ పేరు ‘హార్పీ’ నుంచి వచ్చినది. ఈ వేడుక కొత్తదేమీ కాదు. 1784 నాటి చిత్రగ్రంథంలో తొరియామా సెకియెన్ పలు భూతాలను శ్లేషతోనే సృష్టించాడు.

ఆకారాన్ని చూచి పేరు పెట్టడం మానవస్వభావం. విశాఖ రేవు చెంత సముద్రంలోకి చొచ్చుకొనివచ్చిన యారాడ కొండ కొస ‘డాల్ఫిన్ ముక్కు’ అయినది అందువల్లనే. పేరు పడగానే బండరాయికి ప్రాణం వచ్చినది.

ఈ సంపద మనకూ కలదు. కుండవలె నున్నని తల గలవాడు గనుక హిడింబ కుమారుడు ఘటోత్కచుడైనాడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో అతడు శశిరేఖ రూపు దాల్చగా, కన్యారూపంలోని రాక్షసుణ్ణి సావిత్రి అభినయించి చూపారు. ఆ చిత్రానికే పింగళి నాగేంద్రరావుగారు ‘అసమదీయుల’కు జోడుగా ‘తసమదీయుల’ను పుట్టించారు.

కనుక యారాడ బాలిక ఒకతె నాగకన్యను గీసినప్పుడు ఆ బొమ్మను చెరిపించనక్కరలేదు. దాని పేరేమని అడిగితే చాలు. రూపం అరువుదైనా, పేరును తెలుగులో వెదికే ఆ కాసేపూ ఆమె సంధిసమాసాలను పరీక్షకోసం గాక తన పనికోసం నేర్చుకుంటుంది.