సూట్‌కేసులో సర్దలేని భయం

జూన్ చివరికల్లా నూజివీడు తోటల్లో కోతలు అయిపోతాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి అన్నీ లారీలెక్కి వెళ్లిపోయాక చెట్ల కింద ఎండాకులూ, ఎండుగడ్డీ మిగులుతాయి. సరిగ్గా అప్పుడే కొన్ని ఇళ్లలో ఇంకో సందడి మొదలవుతుంది. హాల్లో రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి పెడతారు. కాయలు తూచిన చేతులే ఇప్పుడు పెట్టెకి 23 కిలోలు దాటకుండా బట్టలూ, పచ్చళ్లూ, పొడులూ తూస్తుంటాయి.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు... ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కనిపించే ఇల్లే అది. ఆగస్టులో అమ్మాయి ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లాలి. సీటొచ్చింది, వీసా వచ్చింది. చుట్టాలంతా మెచ్చుకుంటున్నారు. అమ్మాయి మాత్రం రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది. ‘‘ఏంటమ్మా, నిద్ర పట్టలేదా?’’ అని తల్లి అడిగితే ‘‘ఉక్కగా ఉందమ్మా’’ అంటోంది. పైన ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

విమానమంటే భయమేమో అనుకుంటుంది అమ్మమ్మ. అక్కడి ఇంగ్లిష్ అర్థం కాదేమోనని బెంగ కాబోలనుకుంటుంది పిన్ని. ఆ భయాలూ ఉంటాయి. కానీ అవన్నీ పైపైవే. అసలుది వేరే ఉంది, దాని పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పు!

చదువు రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. పొలాన్నీ తోటనీ చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. ఇక మిగిలేది ఇల్లే. అమ్మాయి పుట్టి పెరిగిన ఇంటి కాగితాలు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాయి. ‘నేను అక్కడ చదవలేకపోతే? ఉద్యోగం రాకపోతే?’ రాత్రి రెండింటికి లేపుతున్నది ఈ ప్రశ్నే. తండ్రి బాధపడతాడని అమ్మాయి అడగదు. అమ్మాయి బెదురుతుందని తండ్రి ఎత్తడు. ఒకే గోడకి అటూ ఇటూ పడుకుని ఇద్దరూ మేలుకునే ఉంటారు.

ఈ బెంగకి మొదటి మందు ధైర్యవచనాలు కాదు, ఓ నోట్‌బుక్కూ పెన్నూ. తండ్రీ కూతురూ ఒక సాయంత్రం కూర్చుని లెక్క రాసుకోవాలి. మొత్తం అప్పెంత? వడ్డీ ఎంత? చదివినంత కాలం, ఆ తర్వాత మామూలుగా ఒక ఏడాది వరకూ వాయిదాలు మొదలు కావు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది. తీర్చడానికి పదిహేనేళ్ల దాకా గడువిచ్చే పథకాలున్నాయి. తమ బ్యాంకు షరతులేమిటో మేనేజర్ని అడిగి తెలుసుకోవాలి. ఇంకోటి. అక్కడ చదువు నడుస్తున్న రోజుల్లో విద్యార్థి పనిచేయగలిగేది కాలేజీ ఆవరణలోనే, అదీ వారానికి 20 గంటలు మించకుండా. పెట్రోలు బంకులోనో హోటల్లోనో దొంగచాటుగా చేస్తే వీసాకే ముప్పు. కాబట్టి ‘పార్ట్‌టైమ్ చేసి కట్టేస్తాలే నాన్నా’ అన్న మాట ఈ లెక్కలోకి రాకూడదు.

లెక్క రాస్తే అప్పు తగ్గదు. కానీ చీకట్లో దయ్యంలా కనిపించింది వెలుగులో ఓ అంకె అయి కూర్చుంటుంది. అప్పుడే నోరు పెగులుతుంది కూడా.

‘‘నాన్నా, నేనక్కడ ఒక సబ్జెక్టు తప్పితే?’’

‘‘కాపు రాని ఏడు మనం తోట నరుక్కున్నామా అమ్మడూ?’’

ఒక ఏడు విరగ్గాసి మరో ఏడు మొహం చాటేసే చెట్లతో బతికినవాడు ఆయన. ఆ ఒక్క మాట చేసిన పని పది వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చేయలేవు.

మిగతా భయాలకి సాధనే మందు. ఏ పని తలచుకుంటే గుండె దడదడలాడుతుందో దాన్ని వాయిదా వేసేకొద్దీ దడ పెరుగుతుంది. చిన్న ముక్కలుగా చేసి ఇక్కడే మొదలుపెడితే తగ్గుతుంది. వారం రోజులు వంటింటి బాధ్యత మొత్తం అమ్మాయికే వదిలేయాలి. అన్నం మాడినా అమ్మ లోపలికి రాకూడదు (కష్టమే!). బ్యాంకుకీ, టికెట్ల ఆఫీసుకీ, విజయవాడకీ ఒంటరిగా వెళ్లి రావాలి. చేరబోయే యూనివర్సిటీ పాఠాలు నెట్లో దొరికితే రోజుకో అరగంట వింటే ఆ యాస చెవికి అలవాటవుతుంది. చదువు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచీ విద్యార్థుల్ని ఆ దేశంలోకి రానిస్తారు. ఆఖరి రోజు దాకా ఆగి దిగడం కంటే ఓ వారం ముందు చేరుకుంటే దారులూ, బస్సులూ, కిరాణా కొట్లూ తెలుస్తాయి.

ఇల్లు వదలడం పిల్లలకి కొత్తా అంటే, అదీ కాదు. నూజివీడులోనే ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో మొదలైంది. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లలు పదిహేనేళ్లకే పెట్టె పట్టుకుని ఆరేళ్ల చదువుకి వచ్చి దిగుతారు. మొదటి రోజుల్లో ఫోన్లు పట్టుకుని ఏడ్చినవాళ్లే, దసరా సెలవులయ్యాక తిరుగు ప్రయాణానికి తామే ముందు బ్యాగు సర్దుకుంటారు. అమెరికా వెళ్తున్న అమ్మాయి తన తొలి హాస్టల్ వారాన్ని గుర్తు తెచ్చుకుంటే చాలు.

వందేళ్ల కిందటి ప్రయాణం ఇంకా కష్టం. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో ఓడెక్కి బోస్టన్ చేరాడు. మెట్రిక్‌లో రెండుసార్లు తప్పినవాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం ఉన్నా చేతిలో డబ్బు చాలక, హార్వర్డ్‌లో చదువుకుంటూనే ఆసుపత్రిలో రాత్రిళ్లు చాకిరీ చేశాడు. ఫోలిక్ ఆమ్లం, ఫైలేరియాకి హెట్రజాన్ వంటి మందుల వెనక ఉన్నది ఆయనే. అయితే ఆ కథలో మన పుస్తకాలు గబగబా దాటేసే పేజీ ఒకటుంది. భార్యని పుట్టింట్లో వదిలి వెళ్లిన ఆ మనిషి 1948లో చనిపోయేదాకా ఒక్కసారీ తిరిగి రాలేదు. ఆ ఇంటి ఎదురుచూపులకి ఏ బహుమతీ రాలేదు. కాబట్టి తల్లి కళ్లలో నీళ్లు తిరిగితే ‘‘ఊరుకోవే, శుభమా అంటూ...’’ అని కసరకండి. ఆ భయానికీ ఓ చరిత్ర ఉంది.

ఇక చుట్టాల సంగతి. రెండు కార్ల నిండా జనం శంషాబాద్ దాకా వెళ్లడం మన ముచ్చట. కానీ ‘అక్కడ చలికి చెవులు ఊడిపోతాయట’ అనే బాబాయి, ‘ఉద్యోగాలు లేవట’ అనే మావయ్య... వాళ్ల సలహాలు అమ్మాయి గుండెల్లో రాళ్లు. చివరి వారం వీళ్లని కాస్త దూరంగా ఉంచడం తల్లిదండ్రులు చేయగల మంచి పని.

అమ్మమ్మ రసాలు పెట్టమంటుంది. వద్దు. మామిడిపండ్లు సామాన్లో తీసుకెళ్తే అమెరికా విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలే, చెప్పకుండా దాస్తే జరిమానా కూడా. 2007 నుంచి మన మామిడి ఆ దేశానికి వెళ్తున్నా, అది రేడియేషన్ శుద్ధి చేసిన సరుకు. ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, ఊపిరాడనట్టు అనిపిస్తున్నా అది మామూలు బెంగ కాదు. డాక్టరుకి చూపించాలి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి ఇంటి నుంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడి యూనివర్సిటీల్లోనూ విద్యార్థుల కోసం కౌన్సెలింగ్ కేంద్రాలుంటాయి. వెళ్లకముందే ఆ నంబరు రాసి పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఆగస్టు వచ్చింది. అమ్మాయి వెళ్లింది. మూడో రోజు ఉదయం ఏడింటికి తండ్రి తోటలో ఎండుకొమ్మలు కొట్టిస్తున్నాడు. ఇంట్లో ఫోన్ మోగింది. అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర.

‘‘నిద్ర పడుతోందా అమ్మా?’’ అడిగింది తల్లి.

‘‘పడుతోందే. మరి నీకు?’’

‘‘ఇక్కడ ఒకటే ఉక్క’’ అంది తల్లి.