విత్తు మనది, పంట యెవరిది?

పేట్ బషీరాబాదు మీఁదుగా మేడ్చలునకుఁ బోవు రాజమార్గమున నేఁడు నేలపై ధనమును గుమ్మరించువారు లెక్కకు మిక్కిలి. నూతనభావమునకు రూపాయి నిచ్చువా రెందఱు?

తెలుగువారికి సృజనశక్తి లేదనుట యపవాదము. మేడ్చలు చెంత వెలసిన శాంతా బయోటెక్నిక్సే సాక్ష్యము. దానిని 1993వ సంవత్సరమున శ్రీ వరప్రసాదరెడ్డిగారు స్థాపించిరి. అప్పటికి హెపటైటిస్-బి టీకా విదేశములనుండి వచ్చుచుండెను. దాని వెల సామాన్యునకు మోయరాని భారము. మన శాస్త్రజ్ఞులు ఈస్టుకణములలో టీకాద్రవ్యమును బుట్టించి, 1997వ సంవత్సరమున శాన్‌వాక్-బి యను పేరఁ జౌకగా నందించిరి.

అయినను ఆరంభమున మన బ్యాంకులు వెనుదీసినవి. ఒమాను దేశమంత్రి ధన మాదుకొనెను. తుదకు 2009వ సంవత్సరమున సంస్థయం దధికభాగము ఫ్రెంచివారి సనోఫీ-అవెంటిసు వశమయ్యెను.

విదేశధనము పాపమా యని కొంద ఱడుగుదురు. పాపము కాదు. కాని ధన మెవరిదో నిర్ణయము వారిది, లాభము వారిది. విత్తు మనది, చేను మనది; నీటికై పరుల నాశ్రయించినచోఁ బంట మనకు దక్కునా?

భూమిపత్రమును మాత్రమే కాక ప్రయోగశాలలోని ఫలితమును జూచియు ఋణ మిచ్చు బ్యాంకులు కావలెను. ధనికులారా! స్థలములపై వెచ్చించుదానిలోఁ బదియవ పాలు మన యువకుల బుద్ధిపై వెచ్చింపుఁడు. అంతవఱకు స్వదేశాభిమానము సభలలోని మాటయే.