మాటలు ఒకరివి, గీతలు ఒకరివి, మరి కథ?

1960ల నాటి మార్వెల్ చిత్రకథల మొదటి పుటలో రచన స్టాన్ లీ, చిత్రాలు జాక్ కిర్బీ అని ఉంటుంది. చాలా ఏళ్ళు నేను దానిని యథాతథంగా నమ్మాను. ఒకాయన కథ వ్రాసి ఇస్తే మరొకాయన దానికి బొమ్మలు వేసి ఉంటాడనుకున్నాను, మన వారపత్రికలలో లాగా. జరిగినది వేరని తెలిసిన తర్వాత ఆ 'రచన' అన్న మాట దగ్గర చూపు ఆగిపోతోంది.

లీ అప్పట్లో సంపాదకుడు, దాదాపు అన్ని పుస్తకాలకూ రచయిత కూడా. పూర్తి ప్రతి వ్రాసే తీరిక లేదు. అందుచేత కథాంశాన్ని క్లుప్తంగా, ఒక్కోసారి నోటిమాటగానే చెప్పేవాడు. దానిని ఇరవై పుటలుగా విడగొట్టడం, సన్నివేశాలు కల్పించడం, ఎక్కడ ఆపాలో ఎక్కడ పరుగెత్తించాలో నిర్ణయించడం చిత్రకారుని పని. ఎవరు ఏమి అంటున్నారో కూడా కిర్బీ అంచుల్లో పెన్సిలుతో వ్రాసి పంపేవాడు. ఆ బొమ్మలు ముందు పెట్టుకుని లీ సంభాషణలు నింపేవాడు. దీనికే 'మార్వెల్ పద్ధతి' అని పేరు. మన సినిమావారి లెక్కలో చెప్పాలంటే స్క్రీన్‌ప్లే చాలావరకు కిర్బీది, మాటలు లీవి. పారితోషికం మాత్రం కిర్బీకి బొమ్మలకే, పుటల లెక్కన. రచనకు ఇచ్చే సొమ్ము లీకి వెళ్ళేది. నా అభ్యంతరం కీర్తి గురించి కన్నా ముందు ఈ లెక్క గురించే.

1966లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ 48వ సంచిక సంగతి చూడండి. గ్రహాలను మింగే గెలాక్టస్ భూమి మీదికి వచ్చే కథ అది. కిర్బీ పంపిన పుటలలో, ఆకాశంలో పలక మీద నిలబడి దూసుకుపోయే ఒక వెండి మనిషి కనిపించాడు. వీడెవడని లీ అడిగాడు. అంతటివాడికి ముందుగా వచ్చే దూత ఒకడుండాలి కదా అని కిర్బీ సమాధానం. అలా పుట్టినవాడు సిల్వర్ సర్ఫర్. లీ అతని చేత తాత్త్వికుని వలె మాట్లాడించాడు, ఆ భాష అతనికి అతికినట్టు సరిపోయింది. ఇంతవరకు ఇది సహకారానికి చక్కని ఉదాహరణే. కానీ 1968లో సర్ఫర్‌కు సొంత పత్రిక పెట్టినప్పుడు బొమ్మలు జాన్ బుసెమాకు అప్పగించారు. పూర్వగాథ లీ వ్రాశాడు: వేరే గ్రహం, వదిలి వచ్చిన ప్రేయసి. కిర్బీ ఊహలో అతను మానవానుభూతులు ఎరుగని, శక్తి నుండి పుట్టిన ప్రాణి. పుట్టించినవాడిని అడగకుండానే జాతకం మార్చేశారు. 1970లో కిర్బీ మార్వెల్‌ను వదిలి డీసీకి వెళ్ళిపోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

లీని దొంగ అనేవారితో నేను ఏకీభవించను. బొమ్మలు వేసినవారి పేర్లే కాదు, అక్షరాలు దిద్దినవారి పేర్లు కూడా మొదటి పుటలో శ్రద్ధగా అచ్చు వేయించినవాడు ఆయన. ఆ మాటల్లోని చమత్కారం లేకపోతే ఆ పుస్తకాలు అంతమందిని ఆకట్టుకునేవి కావు. అయితే, ఊహ ఎవరికి వచ్చిందో వారే సృష్టికర్త అన్న ఆయన నమ్మకం దగ్గరే నాకు పేచీ. సాలీడు మనిషి అనడం ఊహే. ఆ ముసుగు, పెద్ద తెల్లని కళ్ళు, ఆ ఒంటి వంపులు స్టీవ్ డిట్కో గీసేదాకా లేవు. (బాపు-రమణ అని ఒక్క ఊపిరిలో పలికే మనకు ఇది వివరించనక్కరలేదు.)

డిట్కోకు 1965లో స్పైడర్‌మాన్ కథాకల్పనలోనూ పేరు దక్కింది. అప్పటికే ఇద్దరికీ మాటలు లేవు. మరుసటి ఏడు ఆయన వెళ్ళిపోయాడు. 1999లో లీ ఒక బహిరంగ లేఖలో, డిట్కోను సహసృష్టికర్తగా తాను ఎప్పుడూ 'పరిగణించాను' అని వ్రాశాడు. డిట్కోకు ఆ క్రియాపదమే నచ్చలేదు. పరిగణించడం అంటే ఆలోచించి చూడడం, ఒప్పుకోవడం కాదు అని ఆయన వాదన. చాదస్తమని నవ్వినవారున్నారు. నాకు మాత్రం ఆ వాదన సబబుగానే తోస్తుంది.

కిర్బీ 1994లో పోయాడు. వారసులు హక్కుల కోసం వేసిన వ్యాజ్యం కింది కోర్టుల్లో ఓడి, 2014లో రాజీతో ముగిసింది. ఆ తర్వాతి ఫెంటాస్టిక్ ఫోర్ సంచికలలో సృష్టికర్తలుగా రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి.