పులి చేతి కడియము

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికను పాఠముగా చదివిన తరములు తెలుగునాట పెక్కు కలవు. అందలి మిత్రలాభములో ముసలిపులి కథ ఎరుగని తెలుగు ఉపాధ్యాయుడు అరుదు. ముదిసిన పులి యొకటి స్నానముచేసి, దర్భలు చేతబట్టి, కొలనిగట్టున కూర్చుండి, దారిన పోవు బాటసారికి బంగారు కడియము చూపును. పూర్వము చేసిన పాపములకు వగచి దానము చేయదలచితినని చెప్పును. బాటసారి సందేహించును, పులి ధర్మశాస్త్రములు వల్లించి సందేహము తీర్చును. స్నానముచేసి వచ్చి దానము పుచ్చుకొమ్మనును. కొలనిలో దిగినవాడు బురదలో కూరుకొనిపోవును. లేవదీసెదనని పలుకుచు పులి మెల్లగా చేరవచ్చును.

తరగతిలో ఈ కథ తరచు ఒకే ప్రశ్నతో ముగియును: ఇందువలన తెలియు నీతి యేమి? దురాశ దుఃఖమునకు చేటని పిల్లలు ముక్తకంఠముతో చెప్పుదురు. మార్కులు పడును. పులిని గూర్చి ఎవరును అడుగరు. పులి గదా, దాని స్వభావమే అంతయని పుట తిప్పుదురు.

నిజముగా దాని స్వభావము అంతేనా? అడవిలోని పులి ఎవరిని దానమునకు పిలువదు. అది పొంచియుండి చాటునుండి దూకును. పెక్కుమారులు ఎర తప్పించుకొనును, పులి పస్తుండును. జిమ్ కార్బెట్ 1944లో వెలువరించిన గ్రంథమున చంపావత్ పులి వృత్తాంతము కలదు. 400 మందికి పైగా చంపినదని పేరుపడిన ఆ ఆడపులిని అతడు 1907లో కాల్చి చూడగా, కుడివైపు పైకోర సగమునకు, క్రిందికోర మొదలంట విరిగియుండెను. అది అంతకుముందు ఎవరో కాల్చిన తుపాకిదెబ్బ. అలవాటైన వేట సాగకనే అది మనుష్యులపైకి మరలినదని అతని నిర్ణయము. కథలోని పులి ముసలిదగుట ఊరక తోచిన మాట కాదు. ఆ కథ కట్టినవానికి అడవి తెలియును.

అట్లని మృగములను అతిగా వెనుకవేసికొని వచ్చుటయు తగదు. ఆకలి లేనిదే మృగము చంపదను మాట సభలలో తరచు వినబడును. అది పూర్తిగా నిజము కాదు. ఇంగ్లండు తీరమున నక్కలు ఒక్క రాత్రిలో తాము తినగలిగినదానికంటె ఎన్నో రెట్లు పక్షులను చంపి విడిచిపోవుటను హాన్స్ క్రూక్ పరిశీలించి 1972లో వ్రాసెను. వంచనయు ప్రకృతిలో లేకపోలేదు. అమెరికాలోని ఫొటూరిస్ జాతి ఆడుమిణుగురు వేరొక జాతి ఆడుపురుగువలె వెలుగుచు, జతగోరి వచ్చిన మగపురుగును పట్టి తినునని జేమ్స్ లాయిడ్ 1965లో ప్రకటించెను. అయినను, ఆ వచ్చిన పురుగు ఇంట ఏమి లోటున్నదో మిణుగురు ఎరుగదు. ఎదుటివాని ఇంటిలోటు తెలిసికొని, దానికి సరిపడు కడియము చేయించుట మనుష్యునికే చేతనగును. కథలో పులితోలు కప్పుకొన్నవాడు మనుష్యుడే.

ఆ వేషము 2020లో తెలుగునాట మరల కానవచ్చెను. కోవిడ్ వలన కూలిపనులు, చిన్నకొలువులు పోయిన కాలమది. హామీదారు అక్కరలేదు, పత్రములతో పనిలేదు, నిమిషములలో సొమ్మిత్తుమని చేతిఫోనులోని అప్పుల యాప్‌లు పిలిచెను. రుసుముపేర కొంత ముందే కోసికొని తక్కినది ఇచ్చుట, పలుచోట్ల వారము దినములే గడువు పెట్టుట వాని పద్ధతి. తీర్చలేనివాడు ఆ యప్పుకొరకు మరియొక యాప్‌లో అప్పు చేసెను. బురద యనగా అదియే. యాప్‌ను ఫోనులోనికి దింపుకొన్ననాడే అందలి పేర్లు, ఛాయాచిత్రములు అప్పిచ్చినవారి వశమైనవి. పిమ్మట బంధువులకు, స్నేహితులకు దూషణలును, వికారముగా మార్చిన చిత్రములును పోయెను. ఆ డిసెంబరులో తెలంగాణమున కొందరు ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు పోలీసులు పలువురిని పట్టుకొనిరి. ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను యాప్‌లు తాకరాదని రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరులో శాసించెను. అప్పటికి చాల ఇండ్లలో జరుగవలసినది జరిగిపోయెను.

అట్టి ఇంటి పిల్లవాడొకడు తరగతి చివరి బల్లపై కూర్చుండి ముసలిపులి కథ విన్నాడనుకొనుడు. దురాశ దుఃఖమునకు చేటని నలుబదిమందితో పాటు తానును చెప్పును; చెప్పునపుడు తండ్రి ముఖము తోచును. బియ్యమునకో బడిరుసుమునకో అప్పు చేసినవానిది దురాశ యగునా? ఆ యాప్‌ల వ్యాపారమంతయు సిగ్గుమీద నడచినది. చిక్కినవాడు నలుగురిలో చెప్పుకొనలేడను నమ్మకమే వారి మూలధనము. ఆ సిగ్గును బడి మరికొంత పెంచుట న్యాయము కాదు.

బాటసారి వివేకము చూపియుండవలసినదే; పాతనీతి అబద్ధమని దీని యర్థము కాదు. అది సగము దారిలో ఆగినది. కొలనిలో బురద యున్నదని పులికి ముందే తెలియునా? చేతిలో దర్భలెందుకు? కడియము గట్టుననే ఇచ్చివేయక నీటిలోనికి దింపుటయెందుకు? ఈ మూడును అడిగినచో పదియేండ్లవారు సయితము ఉత్సాహముతో చెప్పగలరు. నీతి అడుగుటకు పూర్వము ఇవి అడుగుటకు పది నిమిషములు చాలును.

చిన్నయసూరి గ్రంథములో ఆ కథ ఒంటరిగా లేదు. నేలపై చల్లిన నూకలకు ఆశపడిన పావురములకు వాని రాజు చిత్రగ్రీవుడు చెప్పిన కథ యది. బడులలో మాత్రము ఈ రెండును వేర్వేరు దినముల పాఠములగుచుండును. విని కూడ పావురములు దిగెను; వలలో చిక్కెను. దిగుదమన్న పావురమును తక్కినవి దూషింపగా, ఇది నిందకు సమయము కాదు, ఉపాయము చూడవలెనని రాజు వారించెను. అన్నియు ఒక్కుమ్మడి ఎగసి, వలతోకూడ పోయి, హిరణ్యకుడను ఎలుక కలుగుముందు వాలెను. చెలికాని కట్లు ముందుగా కొరుకుటకు ఎలుక దగ్గరకు రాగా, చిత్రగ్రీవుడు దానిని ఆపి, తక్కినవారి కట్లు మొదట తెంపుమనెను.