వదంతి నుంచి చరిత్రకు

తొలకరి చినుకులు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పరిసరాలలోని చేలు జనంతో నిండుతాయి. వాననీటికి పైమట్టి కొట్టుకొనిపోయి వజ్రాలు బయటపడతాయన్న ఆశ వారిని అక్కడికి నడిపిస్తుంది. ఎవరికో వజ్రం దొరికిందన్న మాట ఊరూరా పాకుతుంది. అయితే దొరికినది వజ్రమా, వట్టి రాయా అన్నది ఆ మాట తేల్చదు, పరీక్షే తేలుస్తుంది.

పాత కంప్యూటర్ల విషయంలోనూ ఇటువంటి అన్వేషణ సాగుతోంది. 1980వ దశకంలో టీవీకి తగిలించి ఇంట్లో వాడుకొనే చిన్న కంప్యూటర్లు పాశ్చాత్య దేశాలలో విరివిగా అమ్ముడుపోయాయి. వాటిలో విడుదల కాకుండా ఆగిపోయినవాటిని, పేరు మాత్రమే వినిపించినవాటిని గురించి ఔత్సాహికులు నేటికీ ఆరా తీస్తున్నారు. అమ్మకానికే రాని యంత్రంతో ఎవరికి పని అని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణ సమంజసం కాదు.

అమెరికాకు చెందిన కమొడోర్ సంస్థ 1982లో ‘కమొడోర్ 64’ను విడుదల చేసింది. దాని తరువాతి యంత్రంగా ‘కమొడోర్ 65’ను రూపొందించి, 1991లో ఆ ప్రయత్నాన్ని విరమించింది. 1994లో సంస్థ దివాలా తీసిన తరువాత, మిగిలిన నమూనాలు బయటివారి చేతికి వచ్చాయి. అది కట్టుకథ కాదని ఆ యంత్రాలే నిరూపించాయి. బ్రిటన్‌లోని సింక్లెయిర్ సంస్థ తలపెట్టిన ‘లోకీ’ని గురించి 1986లో అక్కడి పత్రికలో వార్త వచ్చింది. అదే సంవత్సరం ఆ సంస్థ కంప్యూటర్ల వ్యాపారం ఆమ్‌స్ట్రాడ్ పరమైంది. లోకీ విపణిలోకి రానేలేదు. ఒకదానికి యంత్రమే సాక్ష్యం. మరొకదానికి రాతలే ఆధారం. ఈ భేదాన్ని గుర్తించినప్పుడే వదంతి చరిత్రగా మారుతుంది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తరువాతి కాలంలో అక్కడ బంగళా కొని, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరింపజేశాడు. ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పోల్చి, పాఠభేదాలను పరిశీలింపజేసి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. చెదల పాలు కావలసిన గ్రంథాలెన్నో ఆ విధంగా దక్కాయి.

తాళపత్రానికి చెదలు ఎటువంటివో, పాత యంత్రానికి తూకపు రాళ్లు అటువంటివి. 1969లో హైదరాబాదులోని ఈసీఐఎల్ ‘టీడీసీ-12’ కంప్యూటరును తయారుచేసింది. అది గృహోపయోగ యంత్రం కాకపోయినా, స్వదేశీ కంప్యూటర్ల చరిత్రలో తొలి అడుగులలో ఒకటి. అటువంటి యంత్రాలు పాత ఇనుముగా అమ్ముడుపోతే, వాటితోపాటు సాక్ష్యమూ నశిస్తుంది. అప్పుడు మిగిలేది వదంతి ఒక్కటే.

కనుక కళాశాల గదిలో మూలనపడిన పాత కంప్యూటరును సైతం విద్యార్థులు జిజ్ఞాసతో చూడాలి. దాని పేరు, తయారైన సంవత్సరం, వాడినవారి అనుభవాలు రాసిపెట్టాలి. విన్నదాన్ని నమ్మడం సులభం. కొట్టిపారేయడం అంతకన్నా సులభం. ఓర్పుతో పరీక్షించడమే విద్యావంతుని లక్షణం.