సెల్లార్లలో చదువులు ఆపాలి, లైబ్రరీలు పెంచాలి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ గోడ చూసినా గ్రూప్‌-1, గ్రూప్‌-2, ఎస్సై, కానిస్టేబుల్ కోచింగ్ బోర్డులే. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన యువతీయువకులు హాస్టల్ గదుల్లో సర్దుకుని, ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల కోసం చదువుతున్నారు. వాళ్లు కూర్చునే చోటు ప్రాణభయం లేనిదై ఉండాలి. సెల్లార్లలో ఎక్కడ క్లాసులు, రీడింగ్ రూములు నడుస్తున్నా మూయించాలి. అదే సమయంలో పైఅంతస్తుల్లో ప్రభుత్వ పఠన మందిరాలు తెరవాలి.

అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ పేటలకు చదువుతో పాత చుట్టరికం. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం కాలంలోనే, 1928లో, ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టిన మాడపాటి హనుమంతరావు పేరుతో నారాయణగూడలో ఈనాటికీ పాఠశాల ఉంది. 1940లో కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థ వచ్చింది, 1954లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల వచ్చింది. 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారాక ఉద్యోగుల కుటుంబాలు నగరానికి తరలివచ్చాయి. చిక్కడపల్లి మధ్యతరగతి తెలుగువాళ్ల పేటగా పేరు తెచ్చుకుంది. 1966లో త్యాగరాయ గానసభ వెలిసింది. తర్వాత పెంకుటిళ్లు, డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. అపార్ట్‌మెంట్లు హాస్టళ్లయ్యాయి. కుటుంబాల కోసం వేసిన వీధుల్లోకి ఒక విద్యార్థి పట్టణం వచ్చి కూర్చుంది. దానికి తగ్గ ప్రణాళిక మాత్రం ఎవరూ వేయలేదు.

ఇళ్లు పెరిగినా నీటి దారి మారలేదు. 1562లో తవ్విన హుస్సేన్‌సాగర్ నిండితే పొంగిన నీరు నాలా ద్వారా కవాడిగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాకల మీదుగా మూసీకి చేరాలి. కాలనీలు ఆ నాలా అంచుదాకా జరిగాయి. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. అశోక్‌నగర్, అరవింద్‌నగర్, దోమలగూడ ఇళ్లల్లోకి నాలా నీళ్లు వచ్చేశాయి. సామాన్లు వదిలేసి మేడలెక్కిన కుటుంబాలు ఈ వీధుల్లో ఇంకా ఉన్నాయి. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది. ఆ తర్వాత నాలాల అభివృద్ధి పథకం కింద ఇక్కడ రక్షణ గోడల పని చేపట్టారు. అది అవసరమే. అయితే గోడ నాలా పొంగును ఆపుతుంది కానీ, రోడ్డు మీద పడ్డ వాన పల్లం చూసుకుని సెల్లార్‌లోకి దిగడాన్ని ఆపలేదు.

అలా దిగితే ఏమవుతుందో ఢిల్లీ చూసింది. 2024 జులై 27న ఓల్డ్ రాజేందర్ నగర్‌లో ఒక సివిల్స్ కోచింగ్ సంస్థ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వరద దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. ఆ బేస్‌మెంట్‌కు అనుమతి ఇచ్చింది సామాన్లు పెట్టుకోవడానికి, వాహనాలు నిలపడానికి. మన దగ్గరా నిబంధన ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం సెల్లార్ ప్రధానంగా పార్కింగ్‌ కోసమే. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు.

ఉత్తినే తాళాలు వేస్తే మాత్రం దెబ్బ తగిలేది పిల్లలకే. ఇరుకు గదిలో చదవలేకే వాళ్లు డబ్బు కట్టి రీడింగ్ రూములకు పోతున్నారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలో చెట్ల కింద కూర్చుంటున్నారు. ఇక్కడి ఇంటి యజమానులు ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. వసూలు చేసిన జీహెచ్‌ఎంసీ ఆ సొమ్ము బకాయి పెడుతోందని గ్రంథాలయ సంస్థలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. ఆ బకాయి తీర్చి సెంట్రల్ లైబ్రరీని పెంచాలి, రాత్రంతా తెరిచి ఉంచాలి. నారాయణగూడ బడులు, కళాశాలల హాళ్లను సాయంత్రం నుంచి అభ్యర్థులకు ఇవ్వాలి, కరెంటు ఖర్చు, కాపలా ఖర్చు సెస్సు నుంచి భరించాలి. ఈ పేటల మీదుగానే దాదాపు 450 కోట్లతో స్టీల్ బ్రిడ్జి కట్టి 2023 ఆగస్టులో తెరిచిన నగరానికి ఇది మోయలేని ఖర్చేమీ కాదు.

కాలనీ సంఘాలు, అభ్యర్థులు కలిసి మొదట చేయాల్సిన పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో జీహెచ్‌ఎంసీని రెండు విషయాలు అడగాలి: ఈ మూడు పేటల్లో ఏ సెల్లార్‌కు ఏ అనుమతి ఉంది, గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత చెల్లించారు. జవాబుకు గడువు 30 రోజులు. ఏప్రిల్‌లో దరఖాస్తు పెడితే, జూన్ వానలకు ముందే ఆ జాబితా పట్టుకుని సర్కిల్ ఆఫీసుకు వెళ్లవచ్చు.