పెరిగిన బొగ్గు.. తరిగిన కొలువు
తట్టా చెమ్మస్ పోయి యంత్రాలు వచ్చాయి
గనులనే నమ్ముకున్న యువతకు దారేది?

కొత్తగూడెం: నేలలో బొగ్గు, చెంతనే గోదావరి, చుట్టూ అడవి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పరిశ్రమలకు ఈ మూడే పునాది. బొగ్గు, నీరు దగ్గరలో లభించడంతో పాల్వంచలో 1966లో థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. మణుగూరు సమీపాన భారజల కర్మాగారం, సారపాకలో కాగితపు మిల్లు అదే బాటలో వచ్చాయి. అయితే అన్నింటికీ మూలమైన బొగ్గు గనుల్లోనే కొలువులు ఏటికేడు తరిగిపోతుండడం స్థానిక యువతను కలవరపరుస్తోంది.

బొగ్గుట్టతో ఆరంభం
ఇల్లెందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను కనుగొన్నారు. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. ఇల్లెందును నేటికీ బొగ్గుట్టగా పిలవడం ఆ చరిత్రకు గుర్తు. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో సంస్థ స్థిరపడగా, కొత్తగూడెం దాని కేంద్రమైంది. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపేందుకు వేలాది ఫిల్లర్లు అవసరమయ్యారు. కార్మికుడి జీతంపైనే కిరాణా కొట్టు మొదలు సినిమా హాలు వరకు పట్టణమంతా నడిచింది.

లెక్క తారుమారు
1990 దశకం ఆరంభంలో సంస్థ మొత్తం మీద లక్షకు పైగా కార్మికులుండగా ఏటా ఉత్పత్తి 2 కోట్ల టన్నులకు లోపే. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. కార్మికుల సంఖ్య మాత్రం సుమారు 40 వేలకు పడిపోయింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు రావడమే ఇందుకు ప్రధాన కారణం. షావెళ్లు, డంపర్లతో పదుల మంది చేసే పని ఒక్క ఆపరేటరుతో పూర్తవుతోంది. బొగ్గుపైనున్న మట్టి తొలగింపు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. పర్మినెంటు కార్మికుడి జీతానికి, కాంట్రాక్టు కూలికి పొంతన లేదు. వేతనాల పెంపు కోరుతూ కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో 18 రోజులు సమ్మె చేయడం ఈ వ్యత్యాసానికి నిదర్శనం. 2018లో మొదలైన కారుణ్య నియామకాలు కొన్ని కుటుంబాలకు ఊరటనిచ్చినా, అవి తండ్రి స్థానంలో కొడుకుకు దక్కేవే తప్ప కొత్త కొలువులు కావు. గనుల కోసం భూములు వదులుకున్న గిరిజన పల్లెల్లో ఈ ఆవేదన మరింత అధికం.

మోడులోంచి చిగురు
తవ్విన బొగ్గు మళ్లీ పుట్టదు. ఈ సత్యాన్ని గుర్తించేందుకు సారపాక మిల్లు ఉదాహరణ చాలు. తొలినాళ్లలో అడవి వెదురుపై ఆధారపడిన మిల్లు, తరువాత రైతుల చేలల్లోని జామాయిల్, సుబాబుల్ కర్ర వైపు మళ్లింది. నరికిన మోడు నుంచి జామాయిల్ తిరిగి చిగురిస్తుంది. దాంతో సాగు, నరికివేత, రవాణా రూపంలో పల్లెలకూ పని దొరికింది. అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో ఆయిల్‌పామ్ తోటలు, గెలల నుంచి నూనె తీసే కర్మాగారాలు ఇదే కోవలోకి వస్తాయి.

నేటి గనికి కావలసింది కండబలం కాదు, నైపుణ్యం. కొత్తగూడెంలో 1978లో ఏర్పాటైన మైనింగ్ కళాశాల 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారడం శుభపరిణామమే. అందులో గని ప్రభావిత గ్రామాల పిల్లలకు చోటెంత అన్నదే అసలు ప్రశ్న. 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులను రోడ్లు, భవనాలకే పరిమితం చేయక, యువత శిక్షణకూ వ్యవసాయాధారిత పరిశ్రమలకూ మళ్లించవలసి ఉంది. బొగ్గు ఉన్నప్పుడే ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకోకపోతే, పొరలు అడుగంటిన నాడు జిల్లాకు మిగిలేది మట్టి గుట్టలే.